ఆ వరసలో నవ్వింది మేమే

మేం నవ్వాం. ముందుగా ఆ సంగతే చెప్పాలి. మేం ఏడ్చిన సంగతులు మీకు చాలా తెలుసు. తలాక్ గురించి, కర్ఫ్యూల గురించి, గల్ఫ్‌కు పోయి రాని మొగుళ్ల గురించి మీరూ రాశారు, మేమూ రాసుకున్నాం. ముస్లిం స్త్రీ అనగానే కాగితం మీద ముందుగా తడి కనిపించాలి. మేం కడుపు పట్టుకుని నవ్విన సంగతి రాయబోతే మాకే సిగ్గేసింది. ఆ సిగ్గు ఎవరు నేర్పిందో వెతుక్కుంటూ పోతే ఈ నాలుగు పేజీలయ్యాయి.

2017 జూలై చివర్లో ఒక మధ్యాహ్నం నలుగురం సినిమాకు పోయాం. ఖాలా, ఆపా, మేం ఇద్దరు చెల్లెళ్లం. ఖాలాకు యాభై ఎనిమిదేళ్లు. మా ఖాలూజాన్ పోయి అప్పటికి పదమూడేళ్లు. ఆపా ఇద్దరు పిల్లల తల్లి. ఆమె మొగుడు జెద్దాలో పని చేసేవాడు, రెండేళ్లకోసారి వచ్చేవాడు. వాళ్లిద్దరూ బురఖాల్లో, మేమిద్దరం దుపట్టాల్లో. బాబాతో మదీనా దగ్గర బట్టలు కొనడానికి పోతున్నామని చెప్పాం. అబద్ధం అబద్ధంగా మిగలకూడదని ఖాలా ముందు నిజంగానే మదీనాకు తీసుకుపోయింది. నాలుగు లైనింగ్ ముక్కలు కొని, ఆ కవరు చేతిలో పట్టుకుని సినిమా హాలుకు పోయాం.

సినిమా పేరు 'లిప్‌స్టిక్ అండర్ మై బురఖా'. ఆ పేరు పైకి చదవడానికి కౌంటరు దగ్గర మాకు గొంతు రాలేదు. మూడున్నర ఆటకు నాలుగు అన్నాం. లోపలున్న పిల్లవాడు మా అందరినీ ఒకసారి చూసి, ఖాలా వైపు తిరిగి, "ఆంటీ, ఇది పెద్దవాళ్ల సినిమా" అన్నాడు. ఖాలా నఖాబ్ పైకెత్తి, "మరి నేనేమన్న చిన్నపిల్లనా బేటా?" అంది. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. మేమూ నవ్వాం. అక్కడ మొదలైంది మా నవ్వు.

ఆ సినిమా హాలు దాకా రావడమే ఒక కథ. అలంకృతా శ్రీవాస్తవ తీసింది. 2016లో టోక్యో చిత్రోత్సవంలో చూపించారు. 2017 మొదట్లో మన సెన్సారు బోర్డు సర్టిఫికెట్ ఇవ్వనంది. కారణాలు రాసి మరీ చెప్పింది. ఇది ఆడవాళ్ల వైపు నుంచి తీసిన సినిమా అట. ఆడవాళ్ల ఊహలు బతుకును మించిపోయాయట. బూతు మాటలున్నాయట. సమాజంలో ఒక వర్గానికి సంబంధించిన సున్నితమైన సంగతి కూడా వుందట. ఆ వర్గం మేమే. మమ్మల్ని అడగకుండానే మా సున్నితత్వాన్ని కాపాడారు. నిర్మాతలు అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు పోయారు. ఏప్రిల్‌లో ట్రిబ్యునల్ కొన్ని కోతలతో 'ఎ' సర్టిఫికెట్ ఇవ్వమంది. జూలై 21న విడుదలైంది. ఆ ట్రిబ్యునల్‌నే 2021లో ఎత్తేశారు. ఇప్పుడు బోర్డు కాదంటే హైకోర్టు మెట్లెక్కాలి. మేం ఆ మధ్యాహ్నం కూర్చున్న నాలుగు కుర్చీలు అంత తేలిగ్గా దొరికినవి కావు.

కథ భోపాల్‌లో జరుగుతుంది. హవాయీ మంజిల్ అని ఒక పాత ఇల్లు. దాంట్లో నలుగురు ఆడవాళ్లు. రెహానా కాలేజీ పిల్ల. అమ్మానాన్నలు బురఖాలు కుట్టి అమ్ముతారు. ఆ పిల్ల ఇంట్లోంచి బురఖాలో బయల్దేరి, దారిలో జీన్సులోకి మారి, కాలేజీలో ఇంగ్లీషు పాటలు పాడుతుంది. షిరీన్ ముగ్గురు పిల్లల తల్లి. సౌదీలో పని చేసే మొగుడికి తెలియకుండా ఇల్లిల్లూ తిరిగి సామాన్లు అమ్ముతుంది. లీలా బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఒకడితో నిశ్చితార్థం, ఫొటోగ్రాఫర్ అర్షద్‌తో ప్రేమ. నాలుగో ఆమె ఉష. యాభై అయిదేళ్ల విధవ. ఆ ఇంటికి పెద్ద. అందరూ బువాజీ అంటారు. ఆమెకు తన పేరు తనకే గుర్తులేనంతగా బువాజీ అయిపోయింది. ఆ బువాజీ భక్తి పుస్తకాల చాటున చవకరకం శృంగార నవలలు చదువుతుంది. ఈత నేర్పే కుర్రవాడి మీద మనసు పడుతుంది. రాత్రిపూట ఆ నవలలో నాయిక పేరు చెప్పి అతనితో ఫోన్లో మాట్లాడుతుంది.

బువాజీ భక్తి పుస్తకంలో నవల దాచుకున్నప్పుడు మా ఖాలా నవ్వింది. చిన్నగా కాదు. సినిమా హాలంతా తిరిగి చూసేట్టు నవ్వింది. ఈత దుస్తులు కొనడానికి బువాజీ పడే అవస్థ చూసి ఇంకా నవ్వింది. నఖాబ్‌తో కళ్లు తుడుచుకుంటూ, "అయ్యో అల్లా, ఇది నన్నెప్పుడు చూసింది?" అంది. ఇది అంటే ఆ సినిమా తీసినామె. మాకు అప్పుడు తెలిసింది, ఖాలా పెట్టెలో అడుగున వుండే ఉర్దూ డైజెస్టులకు అట్టలు ఎందుకు వుండవో.

మీలో కొందరికి ఇది వింతగా వుండొచ్చు. బురఖాలోని ముసలామె బూతు సినిమాకు నవ్వడమేమిటని. మా పెళ్లిళ్లకు మీరు రాలేదు గనుక. వచ్చినా మగవాళ్ల వైపు కూర్చుని బిర్యానీ తిని పోయారు గనుక. మంజె రాత్రి మా ఇళ్లల్లో మగవాళ్లను బయటికి పంపి తలుపులు వేస్తారు. నడుమ ఢోలక్ పెడతారు. ఒకామె వాయిస్తుంటే ఇంకొక పిల్ల చెంచాతో ఢోలక్ చెక్క మీద తాళం వేస్తుంది. హైదరాబాదులో వాటిని ఢోలక్ కే గీత్ అంటారు. సమ్ధన్ మీద, అంటే వియ్యపురాలి మీద పాటలు మొదలవుతాయి. ఆమె నడక, ఆమె ఒళ్లు, ఆమె రాత్రుళ్లు, ఏదీ వదలరు. పాడేవాళ్లు ఎవరనుకున్నారు? ఐదు పూటలా నమాజు చేసే నానీమాలు. పడే సమ్ధన్‌కు కోపం రాకూడదు. కోపం వస్తే ఓడిపోయినట్టు. ఆమె బదులు పాట పాడాలి, ఇంకో మెట్టు ఎక్కించి. పెళ్లికాని పిల్లలు దుపట్టా నోట్లో కుక్కుకుని వింటారు. మా ఒంటి గురించి మాకు తెలిసిన మొదటి పాఠాలు అవే. మీ ఇళ్లల్లో వియ్యాలవారి పాటలుండేవి గదా, అవీ ఇవీ అక్కాచెల్లెళ్లే.

తలుపులు వేసి వున్నంత సేపు ఆ పాట సంప్రదాయం. తలుపు తీస్తే బూతు. ఇది మా ఒక్కరి సంగతి కాదు. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ మళ్లీ అచ్చు వేయిస్తే దొరల ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ఇస్మత్ చుగ్తాయ్ 1942లో 'లిహాఫ్' రాస్తే లాహోర్ కోర్టుకు పిలిచారు. ఆమె క్షమాపణ చెప్పలేదు, కేసు నిలవలేదు. 1993లో 'నీలిమేఘాలు' వచ్చిన రోజుల్లో తెలుగు స్త్రీలు తమ దేహం గురించి రాసుకుంటే ఏమేమి అన్నారో మీకు మేం చెప్పక్కర్లేదు. మగవాడు రాస్తే అది శృంగార రసం, ఆడది రాస్తే అది కేసు. మా హైదరాబాదు భాషలో 2000 దశకం నడుమ 'ది అంగ్రేజ్' లాంటి కామెడీలు వచ్చాయి. చార్మినార్ దగ్గర కూర్చుని మగపిల్లలు ఒకరినొకరు అనుకునే మాటలకు ఇల్లిల్లూ నవ్వింది. బాబా కూడా ఆ సీడీ రెండుసార్లు తెప్పించాడు. మేం చాయ్ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడి నవ్వాం. అప్పుడు మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆ జోకుల్లో మేం లేము గదా.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. రెహానా బట్టల దుకాణాల్లో, లిప్‌స్టిక్కుల దుకాణాల్లో దొంగతనం చేస్తుంది. వస్తువులు బురఖా లోపల దాచుకుంటుంది. ఆ సీను వచ్చినప్పుడు మా వెనక వరసలో ఇద్దరు మగవాళ్లు గట్టిగా నవ్వారు. ఒకడు అన్నాడు, "అందుకే వేసుకుంటరు వీళ్లు." ముందు వరసలో రెండు బురఖాలు వున్నాయని వాడికి తెలుసు. తెలిసే అన్నాడు. ఖాలా నవ్వు ఆగిపోయింది. చేతిలో లైనింగ్ ముక్కల కవరు చప్పుడు కాకుండా సర్దుకుంది. బయటికి పోయేటప్పుడు ఎవరైనా ఆపి ఆ కవరు విప్పమంటారేమో అనుకుందట. తర్వాత చెప్పింది. బిల్లు వుందో లేదో చీకట్లోనే చేత్తో తడిమి చూసుకుందట.

అప్పటిదాకా ఒకే సినిమా చూస్తున్నామనుకున్నాం. కాదు. మేం ఆ పిల్లతో కలిసి నవ్వాం, వాళ్లు ఆ బురఖాను చూసి నవ్వారు. అదే తెర, అదే సీను.

సినిమా తీసినవాళ్లతో మా పేచీ కూడా ఇక్కడే వుంది. నలుగురు ఆడవాళ్లలో ఇద్దరు ముస్లింలు, ఇద్దరు హిందువులు. ఇంట్లోంచి గెంటేయబడిన బువాజీ హిందువు. ఇష్టం లేని పెళ్లికి ఒప్పించబడుతున్న లీలా హిందువు. పేరులోకి మాత్రం బురఖా వచ్చింది. బురఖా అనగానే అణచివేత అని చదువుకునే అలవాటు ఈ దేశంలో వుంది గనుక. బువాజీ పైటను పేరులో పెట్టి వుంటే ఎవరు టికెట్టు కొనేవారు? మా గుడ్డను అందరి దుఃఖానికీ గుర్తుగా వాడుకున్నారు. అడగకుండా వాడుకున్నారు. మేం టికెట్టు కొని నవ్వాం గనుక ఈ మాట అనే హక్కు మాకు వుంది. నవ్వడమంటే సంతకం పెట్టి ఇవ్వడం కాదు.

అయినా నవ్వాం. ఎందుకంటే అందులో మా దేహాలు ఎవరి జాలి కోసమో ఎదురుచూడలేదు. తప్పు చేశాయి, ఆశపడ్డాయి, అబద్ధమాడాయి, దొరికిపోయాయి. సినిమాల్లో మేం ఎన్ని వేషాలు వేశామో చూడండి. పాత సినిమాల్లో కోఠాల్లో ముజ్రా చేశాం. తర్వాత టెర్రరిస్టుకు చెల్లెళ్లమయ్యాం. తెలుగు సినిమాలో అయితే హీరో మంచివాడని సర్టిఫికెట్ ఇచ్చే పక్కింటి సాయిబు భార్యలమయ్యాం. ఒక్కదాంట్లోనూ మాకు ఆకలి తప్ప ఇంకో కోరిక లేదు. ఒక ముస్లిం ఆడపిల్ల లిప్‌స్టిక్ కోసం దొంగతనం చేయడం, దొంగతనం తప్పని తెలిసీ మేం ఆమె దొరకకూడదని కోరుకోవడం, అది మాకు కొత్త.

షిరీన్ దగ్గర మా నవ్వు పూర్తిగా ఆగింది. మొగుడు సౌదీ నుంచి వస్తాడు. ఆమె ఇష్టం అడగడు. ఆమె మొహం కూడా చూడడు. మళ్లీ మళ్లీ కడుపు, మళ్లీ మళ్లీ తీయించుకోవడం. ఆ సీన్లలో మా పక్క కుర్చీలో ఆపా కదలకుండా కూర్చుంది. మేం ఆమె వైపు చూడలేదు. చూడకూడదని ఇద్దరికీ తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆపా అడిగింది.

"అతను అట్ల చేసేది తప్పని సినిమాలో తెలుస్తున్నది గదా?"

తెలుస్తున్నదన్నాం.

"హాల్లో వున్న మొగోళ్లకు గూడ తెలుస్తదా?"

తెలుస్తదన్నాం.

"అయితే మంచిదే," అంది. ఇల్లు వచ్చేదాకా ఇంకేం మాట్లాడలేదు.

ఈ దేశపు చట్టానికి అది ఇంకా తెలియదు. భార్య ఇష్టం లేకుండా మొగుడు చేసేది అత్యాచారం కాదని పాత శిక్షాస్మృతిలో వుండేది. 2024 జూలైలో కొత్త న్యాయ సంహిత అమల్లోకి వచ్చినా ఆ మినహాయింపు అట్లాగే వుంది. అది హిందూ మొగుడికీ వుంది, ముస్లిం మొగుడికీ వుంది. ఆ సినిమా చూసిన నెల రోజులకు, 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఒకేసారి చెప్పే మూడు తలాక్‌లను కొట్టేసింది. మంచి తీర్పే. మేమూ సంతోషించాం. 2019లో చట్టం చేసి అట్లా తలాక్ చెప్పిన మొగుడికి మూడేళ్ల దాకా జైలు పెట్టారు. టీవీల్లో ఎవరెవరో మా అన్నలయ్యారు, మా కన్నీళ్లు తుడిచారు. తలాక్ చెప్పి పోయే మొగుడి గురించి అంత మాట్లాడినవాళ్లు, తలాక్ చెప్పకుండా రెండేళ్లకోసారి వచ్చే మొగుడి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే అందరి ఇళ్ల తలుపులూ తీయాల్సి వచ్చేది.

మా వాళ్ల సంగతీ చెప్పాలి. ఆ అబద్ధం రెండో రోజే బయటపడింది. ఆపా చిన్న కొడుకు టికెట్టు ముక్క తీసి బాబాకు ఇచ్చాడు. బాబా ఏమీ అనలేదు. మా భాయీజాన్ అన్నాడు. కోపంగా కాదు, బాధగా అన్నాడు. "దాద్రీలో ఇంట్లోకి జొరబడి చంపి రెండేళ్లు కాలేదు. మొన్న ఏప్రిల్‌లో ఆల్వార్ రోడ్డు మీద కొట్టి చంపిన్రు. బయట అందరూ మనల్ని చూసి నవ్వుతున్న రోజుల్లో మీరు గూడ పోయి నవ్వాల్నా? ఇంకో పదేళ్లు ఆగలేరా?"

ఆ మాటను మేం తీసిపారేయలేదు. భాయీజాన్ రైల్లో గడ్డం వల్ల ఎదుర్కొనే చూపులు మాకు తెలుసు. వెనక వరసలో మాట మేమే విన్నాం. అది అతనికి చెప్పలేదు. చెబితే అతని వాదమే గెలిచేది. కానీ ఆలోచించాం. పదేళ్లు ఆగమన్న మాట మా అమ్మీ కూడా విన్నదే. 1992 డిసెంబరు తర్వాత ఆగమన్నారు. 2002 తర్వాత ఆగమన్నారు. ఖౌమ్ మీద దెబ్బ పడ్డప్పుడల్లా ఆగాల్సింది మేమే. దెబ్బలు ఆగవు. మేం మాత్రం ఆగుతూ వుంటాం. ఖౌమ్ పరువు అనే పెట్టె తాళంచెవి మా నడుముకే ఎందుకు కట్టారు? పెట్టె మాది కానప్పుడు దాని బరువు మాది ఎందుకవుతుంది?

ఇంకో వైపు మా ప్రగతిశీల మిత్రులు. సినిమా చూశామని చెబితే ఒకామె మా చేతులు పట్టుకుని, "బురఖాల్లో పోయి మరీ చూశారా, ఎంత ధైర్యం!" అంది. ఆమె మెచ్చుకుంటున్నదని తెలుసు. కానీ మేం ధైర్యం చేయడానికి పోలేదమ్మా, నవ్వుకోవడానికి పోయాం. మీరు సినిమాకు పోతే సరదా, మేం పోతే తిరుగుబాటా? మా సరదాను కూడా మీ విముక్తి లెక్కలో జమ కట్టుకుంటే మాకు మిగిలేదేమిటి?

తర్వాత ఏళ్లలో జరిగిన వాటితో ఈ సంగతి మాకు ఇంకా స్పష్టమైంది. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్' అని, 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అని యాప్‌లు తయారుచేసి ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి వేలం వేశారు. రాసేవాళ్లవి, మాట్లాడేవాళ్లవి, జర్నలిస్టులవి ఫొటోలు ఏరి మరీ పెట్టారు. చేసినవాళ్లకు అదొక తమాషా. ఇది బూతు కాదా? దీనికి ముందే ఆపే బోర్డు ఏది? మా దేహం మీద వాళ్లు వేసుకునే జోకు స్వేచ్ఛగా తిరుగుతుంది. మా దేహం మీద మేం వేసుకునే జోకుకు మాత్రం మా భాయీజాన్ నుంచి సెన్సారు బోర్డు దాకా కాపలా. జోకు చెడ్డది కాదు. ఎవరి నోట్లో వుంది, ఎవరి మీద పడుతుంది, పడ్డామె బదులు చెప్పగలదా అన్నదే చూడాలి. మంజె రాత్రి సమ్ధన్ బదులు పాడగలదు. ఆ యాప్‌లో ఫొటోగా మారిన ఆడపిల్ల పాడలేదు.

అదే 2022లో కర్ణాటకలో పిల్లలు హిజాబ్‌తో కాలేజీకి వస్తే గేటు మూశారు. మార్చిలో హైకోర్టు కూడా ఆ నిషేధం సరేనంది. భోపాల్ రెహానా జీన్సు కోసం కాలేజీలో నినాదమిచ్చింది. ఉడుపి పిల్లలు హిజాబ్ కోసం నినాదమిచ్చారు. మీరు రెహానాకు చప్పట్లు కొట్టి ఉడుపి పిల్లలను వెనకబడ్డవాళ్లన్నారు. మా వాళ్లు ఉడుపి పిల్లలకు చప్పట్లు కొట్టి రెహానాను చెడిపోయిందన్నారు. మాకు ఇద్దరూ చెల్లెళ్లే. ఏం తొడుక్కోవాలో ఇంకొకడు చెప్పకూడదన్నదే ఇద్దరి మాటా.

సినిమా చివర్లో బువాజీ గుట్టు బయటపడుతుంది. ఇంట్లోవాళ్లు ఆమె పుస్తకాలు, బట్టలు వీధిలోకి విసిరేస్తారు. చివరికి నలుగురు ఆడవాళ్లూ ఒకచోట చేరి, ఆ చిరిగిన పుస్తకం చుట్టూ కూర్చుని, ఒక సిగరెట్టు అందుకుంటూ నవ్వుతారు. ఎవరి కష్టమూ తీరదు. తెల్లారితే ఎక్కడికి పోతారో తెలియదు. ఇదేం ముగింపని కొందరు విమర్శించారు. మాకు అది తెలిసిన ముగింపే. మంజె రాత్రి గడిచాక మా వాళ్లంతా ఎవరి వంటింటికి వాళ్లు పోతారు. ఆ రాత్రి మాత్రం వాళ్లదే.

మాకు కావలసిన సినిమా ఇంకా రాలేదు. నీదా మంజూర్ అనే ముస్లిం స్త్రీ బ్రిటన్‌లో 2021లో 'వి ఆర్ లేడీ పార్ట్స్' అని టీవీ కామెడీ తీసింది. ముస్లిం ఆడపిల్లల పాటల బృందం. అందులో నఖాబ్ వేసుకున్నామె కూడా వుంది, ఎవరూ ఆమెను విప్పమనరు. అట్లాంటిది మా హైదరాబాదులో, మా నల్లగొండలో, సగం తెలుగు సగం ఉర్దూ మాటల్లో రావాలి. సమ్ధన్ పాట వుండాలి. జెద్దా ఫోన్లు వుండాలి. పేరులో బురఖా వుండకపోయినా ఫరవాలేదు. అప్పుడు వెనక వరసవాడు నవ్వాలంటే ముందు మా భాష నేర్చుకోవాలి.

ఈ సంగతులు రాస్తామంటే ఆపా సరేనంది, పేరు వద్దంది. ఖాలా మాత్రం పేరు కూడా వేయమంది. మేమే వేయలేదు. ఖాలా ఇప్పుడు ఎవరింట మంజె జరిగినా ఢోలక్ తన ముందుకు లాక్కుంటుంది. పోయిన సారి తలుపు వేయడం మరిచిపోయారు. వరండాలో భాయీజాన్ కూర్చున్నాడు. ఎవరో లేచి తలుపు వేయబోతే ఖాలా వాయించడం ఆపకుండానే, "వుండనీ" అంది.

భాయీజాన్ లేచి పోలేదు.